మొక్క రాత్రిని కొలుస్తుంది

సూరత్ చలికాలం కరివేపాకును నిద్రపుచ్చి చామంతిని లేపుతుంది. ఎలా?

సూరత్‌లో లింబాయత్, ఉధనా, డిండోలీ వైపు వెళ్తే మేడ మీది తొట్లు చూసి తెలుగువాళ్ల ఇల్లు పోల్చుకోవచ్చు. సాంచాల, అంటే మరమగ్గాల, పని మీద పాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరలివెళ్లిన నేత కుటుంబాలు అక్కడ తరాలుగా ఉంటున్నాయి. ఆ ఇళ్లకు పెరడు ఉండదు. పిట్టగోడ వెంట, మెట్ల పక్కన మూరెడు జాగా ఉంటే అదే తోట. పెయింటు డబ్బాలో కరివేపాకు, సిమెంటు కుండీలో తులసి, చెవి విరిగిన బకెట్లో మల్లె, పురికొస పట్టుకుని పాకే చిక్కుడు, బతుకమ్మకు పనికొస్తుందని చల్లిన బంతి, పక్కింటివాళ్లిచ్చిన చామంతి పిలక.

దీపావళి వెళ్లి నెల తిరిగేసరికి ఆ జాగాలో ఒక తమాషా మొదలవుతుంది. కరివేపాకు చిగురు వేయడం మానేస్తుంది, ఉన్న ఆకు పసుపెక్కి రాలుతుంది. తులసి కాడలు తేలి, వెన్నులు ఎండి, గుప్పెడు పుల్లల్లా నిలబడుతుంది. మల్లె ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుంది. సరిగ్గా అదే వారంలో చామంతి కొమ్మ కొమ్మకూ మొగ్గ కడుతుంది. ఆషాఢం నుంచి ఆకులు తప్ప ఇంకేమీ ఇవ్వని చిక్కుడు గుత్తులు గుత్తులుగా పూస్తుంది. అదే ఎండ, అదే కుళాయి నీళ్లు, పోసే చెయ్యీ ఒకటే. మరి ఒకటి పోయేలా ఎందుకుంది, ఇంకొకటి పండగ ఎందుకు చేసుకుంటోంది?

“చలికి” అని ఒక్క ముక్కలో తేల్చేస్తే సగమే నిజం. ఆ సగమైనా మనం అనుకునే చలి కాదు.

గడ్డకట్టని చలి

మొక్కలను చలికాలానికి సిద్ధం చేయడం గురించి దొరికే సలహాల్లో చాలాభాగం మంచు పడే దేశాల్లో పుట్టినవి. న్యూజెర్సీలో ఉండే తెలుగింటివాళ్లు అక్టోబరు రాగానే కరివేపాకు కుండీని ఇంట్లోకి మోసుకుపోతారు. అక్కడ అది ప్రాణం మీదికి వచ్చే విషయం. నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టినప్పుడు మంచు పలుకులు ముందు కణాల మధ్య ఖాళీల్లో పుడతాయి. అవి కణాల్లోని నీటిని బయటికి లాగేస్తాయి. కణం ఎండి కుదించుకుపోతుంది, గోడలు చితుకుతాయి. తెల్లారి ఎండ తగలగానే ఆకు ఉడికిన తోటకూరలా వేలాడుతుంది. ఆపిల్, బిర్చి లాంటి చెట్లు ఈ గండం గట్టెక్కడానికి ముందుగానే ఆకులు రాల్చుకుని, కణాల్లో చక్కెరలు పోగేసుకుంటాయి.

సూరత్‌కు ఈ బాధ లేదు. అరేబియా సముద్రం దగ్గర, తాపీ నది ఒడ్డున, 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న ఊరు అది. జనవరిలో సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఉత్తరాది చలిగాలులు దిగినప్పుడు 10 దాకా పడిన రాత్రులూ ఉన్నాయి. పగలు మాత్రం జనవరిలోనూ 30 డిగ్రీలు తాకుతుంది. మంచు టోపీలు, బుడగల ప్లాస్టిక్ చుట్టడాలు మన పిట్టగోడ మీదికి తెచ్చుకుంటే మధ్యాహ్నానికి మొక్క ఉక్కతో చస్తుంది.

అసలు గమనించాల్సింది ఆ రెండంకెల మధ్య దూరం. ఆగస్టులో సూరత్ పగటి వేడికీ రాత్రి వేడికీ తేడా ఐదారు డిగ్రీలే. జనవరిలో అది 15 దాకా సాగుతుంది. వానాకాలమంతా గాలి తడితో బరువుగా ఉంటే, ఇప్పుడు మధ్యాహ్నం పూట ఆరేసిన బట్ట గంటలో ఎండేంత పొడి. మొక్కకు చలికాలమంటే పొడి పగలు, చల్లని రాత్రి. వీటికి తోడు ఇంకొకటుంది, మన ఒంటికి తెలియనిది: పొడవైన చీకటి. ఒక్కో మొక్క వీటిలో ఒక్కోదాన్ని పట్టించుకుంటుంది. పిట్టగోడ మీది తమాషా అంతా అక్కడి నుంచే.

నేతి గిన్నె, నూనె సీసా

ముందు కరివేపాకు సంగతి. జనవరి తెల్లవారుజామున వంటింట్లోకి వెళ్తే గిన్నెలో నెయ్యి పేరుకుని చెంచా దిగదు. పక్కనే ఉన్న నువ్వుల నూనె మాత్రం ఎప్పటిలాగే ధారగా ఒలుకుతుంది. రెండూ కొవ్వులే. నేతిలో ఎక్కువ అణువులు తిన్నగా ఉండే గొలుసులు, ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా సర్దుకుని త్వరగా గట్టిపడతాయి. నూనెలోని గొలుసుల్లో అక్కడక్కడా వంపులుంటాయి. వంకర పుల్లలు మోపు కట్టినట్టు, ఎంత చల్లబడినా మధ్యలో సందు మిగులుతుంది.

మొక్కలోని ప్రతి కణానికీ పలుచని కొవ్వు పొర ఉంటుంది. నీరు, లవణాలు, చక్కెర లోపలికీ బయటికీ పోయేది ఆ పొరలో ఇమిడి ఉన్న ప్రొటీన్ల తలుపుల గుండానే. పొర జారుడుగా ఉంటేనే తలుపులు సాఫీగా ఆడతాయి. కరివేపాకు, తులసి, మల్లె, మందారం, అరటి వేడి నేలల్లో పుట్టి పెరిగినవి. వాటి పొరల్లో నేతి గుణం ఎక్కువ. మెంతి, ఆవ, బఠానీ, గోధుమ చల్లని నేలల బిడ్డలు, వాటి పొరల్లో నూనె గుణం ఎక్కువ. అందుకే నీరు గడ్డకట్టడానికి ఎంతో ముందే, 10–12 డిగ్రీల దగ్గరే, తులసి జాతి మొక్కలకు ఆకు మీద నల్లమచ్చలు వస్తాయి. కరివేపాకుకు రాత్రి 13 డిగ్రీల కిందికి దిగితే కొమ్మల ఎదుగుదల మందగిస్తుంది. అది చచ్చిపోవడం కాదు, దుకాణం మూయడం అంతే.

మొక్క చేతులు ముడుచుకుని కూర్చోదు. చలి మెల్లగా వస్తే కొన్ని రోజుల్లో పొరలోని తిన్నని గొలుసులకు వంపులు చేర్చి సర్దుకుంటుంది. దానికి వ్యవధి కావాలి. ఏసీ గదిలోనో హాల్లోనో ఉంచిన కుండీని ఒక్కసారిగా డిసెంబరు రాత్రి డాబా మీద పెడితే ఆ వ్యవధి దొరకదు. బయట పెరిగినదాన్ని బయటే ఉంచడం, లోపల పెరిగినదాన్ని వారం పది రోజులు వసారాలో అలవాటు చేసి తర్వాత బయటికి తీయడం అందుకే మంచిది.

దసరా తర్వాత యూరియా లాంటి నత్రజని ఎరువులు ఆపడానికి కారణమూ ఇదే. ఎరువుతో తన్నుకొచ్చే లేత చిగురుకు సర్దుకునే వయసుండదు. మొదటి చలిగాలికి మాడేది అదే. పైగా సేంద్రియ ఎరువును మొక్క తినగలిగే రూపంలోకి మార్చే మట్టిలోని బాక్టీరియా కూడా చల్లని మట్టిలో మెల్లగా పనిచేస్తాయి. వేసింది వేసినట్టే ఉండిపోతుంది, లేదా నీళ్లతో కారిపోతుంది. టమాటా మొక్క ఆకుల అడుగున ఊదారంగు తేలితే భాస్వరం లేదని బెంగపడి మందు కొంటారు. చాలాసార్లు మట్టిలో భాస్వరం ఉంటుంది, చల్లబడిన వేరు దాన్ని అందుకోలేకపోతుంది.

నీళ్లున్నా దాహమే

చలికాలంలో కుండీ మొక్కలను చంపేది ఎక్కువగా మన ప్రేమే. ఆకు వాలింది, చెంబెడు నీళ్లు పోద్దాం. సాయంత్రం మళ్లీ వాలింది, ఇంకో చెంబు.

అక్కడ జరిగేది ఇది. 15 డిగ్రీల నీరు 30 డిగ్రీల నీటికంటే సుమారు 40 శాతం చిక్కగా ఉంటుంది, అంటే వేరులోని సన్నని దారుల్లో అంత బరువుగా కదులుతుంది. దానికి తోడు వేరు కణాల పొరల్లో నీటి తలుపులు సగం మూసుకుంటాయి. పొద్దున ఎనిమిదింటికి పైన ఆకు మీద ఎండ పడుతుంది, పొడిగాలి నీటిని లాగుతుంది. కింద కుండీ మట్టి ఇంకా రాత్రి చలిలోనే ఉంటుంది. ఖర్చు మొదలైంది గాని రాబడి లేదు. మట్టి తడిగా ఉన్నా ఆకు వాలడానికి ఇదే కారణం. గంటన్నర ఆగితే మట్టి వెచ్చబడి, ఆకు దానంతటదే లేస్తుంది.

ఆగకుండా నీళ్లు పోస్తే మట్టిలోని గాలి ఖాళీలు నిండిపోతాయి. వేరుకు ఊపిరాడదు. తడిలో పెరిగే బూజులు నీరసించిన వేరును కుళ్లబెడతాయి. వేరు కుళ్లిన మొక్క ఇంకా వాలుతుంది, మనం ఇంకా పోస్తాం. తులసి విషయంలో ఇది మరీ ఎక్కువ. కార్తీకమంతా దీపం, క్షీరాబ్ది ద్వాదశికి కల్యాణం, ఇంటిల్లిపాదీ తలా ఒక చెంబు. వానాకాలంలో సులువుగా తాగేసిన నీటిని ఆ కుండీ నవంబరులో తాగలేదు. పూజకు ఉద్ధరిణెడు చాలు. మిగతాది మట్టిని అడిగి పోయాలి: వేలు రెండు కణుపుల లోతు గుచ్చితే చల్లగా, తడిగా తగిలిందా, ఆ రోజుకు వద్దు. పోసేదేదో పొద్దెక్కాక పోయాలి. సాయంత్రం పోస్తే రాత్రంతా వేరు చల్లని బురదలో నానుతుంది.

తులసికి ఇంకో పనుంది. వెన్నులు ఎండి గింజ కట్టాక మొక్క ఆకుల్లోని సత్తువను కూడా గింజలకు తరలిస్తుంది. ఏటా పుష్యంలో తులసి బోసిపోయేది సగం ఇందుకే. పూత దశలోనే వెన్నులు తుంచుతూ ఉంటే ఆకు నిలుస్తుంది. విత్తనానికి రెండు మూడు వెన్నులు వదిలితే సరిపోతుంది.

తొట్టి దేనితో చేసిందన్నదీ చూడాలి. నేలలో చెట్టుకు చుట్టూ టన్నుల మట్టి ఉంటుంది, ఒక్క రాత్రిలో చల్లారదు. పెయింటు డబ్బాలో ఉన్నది నాలుగైదు కిలోలు. రేకు గుండా వేడి ఇట్టే జారిపోతుంది. మట్టికుండీ గోడల గుండా తడి ఆవిరవుతూ లోపలి మట్టిని ఇంకా చల్లబరుస్తుంది. వేసవిలో అది వరం, ఇప్పుడు కాదు. తొట్లను విడివిడిగా వరసపెట్టకుండా గుంపుగా చేర్చి, చిన్నవి మధ్యలో, పెద్దవి అంచున పెట్టినా, రేకు డబ్బాను గోనెలో దించి మట్టిపైన ఎండుటాకులు పరిచినా వేళ్లకు తెరిపి దొరుకుతుంది.

ఆకాశం లాక్కునే వేడి

ఒకే డాబా మీద సజ్జ కింద ఉన్న కరివేపాకు పచ్చగా ఉండి, రెండడుగుల అవతల ఆరుబయట ఉన్నది ముడుచుకుపోవడం చూసే ఉంటారు. రెండు చోట్లా గాలి చలి ఒక్కటే. తేడా తలమీద ఉంది.

వెచ్చగా ఉన్న ప్రతి వస్తువూ కంటికి కనిపించని వేడి కిరణాలను వదులుతూ ఉంటుంది, ఆకు కూడా. మబ్బు పట్టిన రాత్రి ఆ వేడిలో చాలావరకు మబ్బులు తిరిగి పంపుతాయి. డిసెంబరు రాత్రి ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా, నిశ్చలంగా ఉంటుంది. ఆకు పంపింది పంపినట్టే పోతుంది, తిరిగొచ్చేది తక్కువ. అలా ఆకు చుట్టూ ఉన్న గాలికంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. థర్మామీటరు 13 చూపిస్తుంటే ఆకు 10 దగ్గర ఉండవచ్చు. తెల్లారి బైకు సీటు మీద, ఆకుల మీద మంచు బిందువులు ముందుగా చేరేది అందుకే.

ఈ కిటుకును మన దేశంలో పుస్తకాలకెక్కకముందే వాడుకున్నారు. అలహాబాదులో గాలి గడ్డకట్టేంత చల్లగా లేని రాత్రుల్లో కూడా, గోతుల్లో ఎండు కాడలు పరిచి, దానిమీద లోతులేని మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి ఆరుబయట ఉంచి, తెల్లారేసరికి ఐసు తీసేవారు. సర్ రాబర్ట్ బార్కర్ అనే ఆంగ్లేయ సేనాని 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆ పద్ధతిని వర్ణించాడు. 1814లో విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు మంచు బిందువుల మీద రాసిన పుస్తకంలో అసలు కారణం తేల్చాడు. తోటమాలులు లేతమొక్కల మీద పలుచని చాప కప్పుతుంటే, ఇది చలినేం ఆపుతుందని తాను ముందు నవ్వుకున్నానని అందులో రాసుకున్నాడు. చాప ఆపేది గాలి చలిని కాదు, పైకి పోయే వేడిని అని ఆయనకు తర్వాత అర్థమైంది.

సూరత్‌లో ఆ చాపకు వెతుక్కోనక్కర్లేదు. బట్టల ఊరు. పాత చీరో, సాంచాల షెడ్డు నుంచి వచ్చిన తుండు గుడ్డో పందిరిలా రెండు కర్రల మీద కడితే చాలు, ఆకుకూ ఆకాశానికీ మధ్య అడ్డం పడుతుంది. గుడ్డ ఆకుకు అంటుకోకూడదు. పొద్దునే తీసేయాలి. ఏడాదంతా కట్టే పని కూడా కాదు, ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలని, చలిగాలుల కబురున్న రాత్రులకే. సజ్జ ఉన్నవాళ్లకు అదీ అక్కర్లేదు, కుండీని దానికిందికి జరిపితే సరి. పడమటి గోడకు ఆనించి పెడితే మధ్యాహ్నమంతా ఎండ మింగిన ఇటుక రాత్రి ఆ వేడిని వదులుతుంది.

చీకటి లెక్క

ఇక చామంతి, చిక్కుడు. వీటిని కదిలించింది చలి కాదు.

పుష్యమాసంలో పూసలు గుచ్చ పొద్దుండదని మన పెద్దల మాట. సూరత్‌లో జూన్ మూడోవారంలో పగలు సుమారు 13 గంటల 25 నిమిషాలు. డిసెంబరు మూడోవారానికి 10 గంటల 50 నిమిషాలకు తగ్గుతుంది. ఏడాది తిరిగేలోపు రెండున్నర గంటల తేడా. వేడి, వాన, గాలి ఏటికేడాది మారుతాయి. పగటి పొడవు మాత్రం సూర్యుడి చుట్టూ భూమి తిరగడాన్ని బట్టి నిమిషం తేడా లేకుండా వస్తుంది. కాలం తెలుసుకోవాలంటే దీనికంటే నమ్మకమైన పంచాంగం లేదు.

మొక్కలు ఆ పంచాంగం చదువుతాయని తేలింది పొగాకుతో. అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు మేరీల్యాండ్ మామత్ అనే రకాన్ని చూసి తలలు పట్టుకున్నారు. వేసవి పొలంలో అది మనిషిని మించి పెరిగిపోతుంది గాని పూయదు, విత్తనం రాదు. చలికాలం గాజింట్లో మాత్రం చిన్నగా ఉండగానే పూస్తుంది. వేడి, తేమ, ఎరువు అన్నీ మార్చి చూశారు. 1918 వేసవిలో కుండీలను సాయంత్రం పెందలాడే చీకటి కొట్టంలోకి నెట్టి, పొద్దెక్కాక బయటికి తీశారు. నడివేసవిలోనే పూసింది. 1920లో ఆ సంగతి ప్రచురించారు.

అప్పట్లో అందరూ మొక్క పగటిని కొలుస్తుందనుకున్నారు. 1938లో హామ్నర్, బోనర్ అనేవాళ్లు మరులమాతంగి మీద దాన్ని తిరగేశారు. చేల గట్ల మీద తిరిగితే పంచెకు, లంగాకు ముళ్లకాయలు అంటించే కలుపుమొక్క అది. పగటి మధ్యలో కాసేపు చీకటి చేస్తే దానికి ఏమీ పట్టలేదు. దీర్ఘమైన రాత్రి మధ్యలో ఒక్క నిమిషం దీపం వెలిగిస్తే పూత ఆగిపోయింది. కొలిచేది పగటిని కాదు, తెగని చీకటిని.

కొలిచేదెలా? ఆకులో ఫైటోక్రోమ్ అనే రంగు పదార్థం ఉంటుంది. వెలుతురులోని ఎరుపు తగిలితే అది ఒక రూపంలోకి, మెలకువ రూపమందాం, మారుతుంది. చీకట్లో మెల్లమెల్లగా వెనక్కి, నిద్ర రూపంలోకి జారుతుంది. ఒక్క దీపపు వెలుగు తగిలినా మళ్లీ మెలకువే. అంటే అది “ఇప్పుడు రాత్రా, పగలా” అన్నది చెబుతుంది. ఎంతసేపైంది అన్నది చెప్పడానికి మొక్కకు వేరే గడియారం ఉంది. 1729లోనే ఫ్రాన్సులో దె మెరాన్ అనే శాస్త్రవేత్త అత్తిపత్తి మొక్కను చీకట్లో మూసిపెట్టి, ఎండ తగలకపోయినా అది పొద్దున ఆకు విప్పి సాయంత్రం ముడవడం చూశాడు. లోపలి గడియారం ఒక వేళ కొడుతుంది. ఆ వేళకు ఫైటోక్రోమ్ “చీకటే” అంటే చామంతి పూతకు ఉపక్రమిస్తుంది, “వెలుగుంది” అంటే ఆకులే వేస్తుంది. ఈ ఫైటోక్రోమ్ నిద్ర రూపంలోకి జారే వేగం వెచ్చదనాన్ని బట్టి మారుతుందని, అంటే ఆకుకు థర్మామీటరు పనీ అదే చేస్తుందని 2016లో తేలింది. చలినీ చీకటినీ ఒకే అణువు చదవడం నాకైతే ఈ కథలో అన్నింటికంటే విడ్డూరమైన మలుపు.

> మొగ్గ కొసన, కబురు ఆకులో
>
> చీకటిని చూసేది ఎవరు, మొగ్గ వేసే కొసా, ఆకా? 1930ల్లో సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ చైలాఖ్యాన్ ఈ ప్రశ్న చామంతినే అడిగాడు. మొక్క పైభాగం ఆకులన్నీ దూసేశాడు. కింది ఆకులకు పొడవైన రాత్రి, పై బోడి కొసకు పొడవైన పగలు ఇచ్చాడు. పూసింది. తిరగేసి చేస్తే పూయలేదు. ఆకులో ఏదో తయారై కాడ వెంట కొసకు వెళ్తోందని, దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. పేరైతే ఉంది గాని పదార్థం ఎవరికీ చిక్కలేదు. సుమారు ఏడు దశాబ్దాల తర్వాత, 2007లో, వరిలోనూ ఆవ కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కలోనూ ఆకు నుంచి కొసకు ప్రయాణించే ప్రొటీన్‌ను పట్టుకున్నారు. చైలాఖ్యాన్ 1991లోనే కన్నుమూశాడు.

ఈ కళ్లతో చూస్తే సూరత్ చలికాలపు తిండంతా చీకటి పండించినదే. ఉత్తరాయణానికి ఊంధియూ వండాలంటే సూరతీ పాప్డీ ఉండాల్సిందే. పాప్డీ మన చిక్కుడే. తెలుగిళ్లలో రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టేది కూడా ఆ రోజుల్లోనే. నాటు తీగచిక్కుడు పొడవైన రాత్రులు వస్తే గాని పూయదు కాబట్టి రెండు పండగలకూ ఒకేసారి అందుతుంది. లేత జొన్నకంకులు కాల్చి రాల్చే పోంక్, మన ఊచబియ్యం, చలికాలంలోనే వస్తుంది. పాత జొన్న రకాలు కూడా రాత్రి పొడవుకు కట్టుబడినవే. సూరత్‌లోనే అఠ్వా ఫారంలో నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయపు జొన్న పరిశోధన కేంద్రం ఉంది. బతుకమ్మలో పేర్చే గునుగు, బంతి విరగబూసేది కూడా రాత్రి పగటిని దాటే వారాల్లోనే. బతుకమ్మ మొదలయ్యే మహాలయ అమావాస్య సెప్టెంబరు 23 నాటి సమరాత్రికి అటూ ఇటూగా వస్తుంది మరి.

“చిక్కుడు ఏపుగా పెరిగింది గాని ఒక్క పువ్వూ లేదు” అని భాద్రపదంలో వాపోయేవాళ్లకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. పీకేయకండి. దానికి ఇంకా రాత్రి చాలలేదు. ఏడాది పొడవునా కాయలు కావాలంటే పగటి పొడవుతో పనిలేని పొట్టిరకాలు ఉన్నాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివి.

వీధి దీపం కింద చామంతి

సూరత్ నిద్రపోని ఊరు. సాంచాలు రెండు షిఫ్టుల్లో ఆడతాయి, షెడ్ల ట్యూబులైట్లు తెల్లవార్లూ వెలుగుతాయి, మొదటి అంతస్తు పిట్టగోడకు సరిగ్గా ఎదురుగా వీధి దీపం ఉంటుంది. మరులమాతంగికి ఒక్క నిమిషమే చాలినప్పుడు, చామంతికి రాత్రంతా పడే వెలుగు ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు. అది ఇంకా ఆషాఢమే అనుకుని ఆకులు వేస్తూ ఉంటుంది. ఒక్కోసారి ఒకే కుండీలో దీపం వైపు కొమ్మలు నున్నగా, పచ్చగా ఉండి, గోడ నీడలో ఉన్న కొమ్మలు మాత్రం మొగ్గ కడతాయి. ఆకు ఎక్కడ చీకటి చూస్తే అక్కడి కొమ్మకే కబురు ఎక్కువగా అందుతుంది.

బెంగళూరు చుట్టుపక్కల చామంతి రైతులు ఇదే సంగతిని లాభానికి వాడుకుంటారు. పొలంలో వరసలుగా బల్బులు వేలాడదీసి, రాత్రిళ్లు వెలిగించి పూతను ఆపుతారు. పండగకు లెక్క చూసుకుని ఆర్పేస్తారు. మనకు కావలసింది దానికి తిరుగుడు. దసరా నుంచే చామంతి కుండీని దీపం పడని మూలకు జరపాలి. మూల లేకపోతే సాయంత్రం ఆరింటికి అట్టపెట్టె బోర్లించి పొద్దున ఏడింటికి తీయాలి. మొగ్గలు బఠానీ గింజంత అయ్యేదాకా చేస్తే చాలు. మధ్యలో ఒకటి రెండు రాత్రులు మరిచిపోతే పూత వెనకపడుతుంది. పెట్టెకు చిల్లులుంటే కింది వైపే ఉండాలి.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగే మొక్కలూ ఉన్నాయి. పాలకూర, కొత్తిమీర, మెంతి పగళ్లు సాగి వేడెక్కితే తొందరపడి కాడ తీసి పూస్తాయి, ఆకు చేదెక్కుతుంది. పగళ్లు కురచగా, చల్లగా ఉన్నంతకాలం ఆకే వేస్తాయి. కాబట్టి కరివేపాకు పడుకున్న ఈ మూడు నెలలే వీటికి అదను. సూరత్‌వాళ్లు ఊంధియూలో పడేసే పచ్చి వెల్లుల్లి కూడా అంతే. దీపావళికి రెబ్బలు గుచ్చితే సంక్రాంతికి ఆకు కోసుకోవచ్చు. మొక్కలను చలికాలానికి సిద్ధం చేయడమంటే ఉన్నవాటికి దుప్పట్లు కప్పడమేనని అనుకుంటే ఈ అదను పోతుంది.

చల్లని రాత్రి, పొడి పగలు బూడిద తెగులుకూ ఇష్టమే. గులాబీ, చిక్కుడు ఆకుల మీద తెల్లపొడి కనిపిస్తే ఆ ఆకులు తుంచి పారేసి, కొమ్మల మధ్య గాలి ఆడేలా పలుచన చేస్తే చాలావరకు అదుపులో ఉంటుంది. మందారానికి పిండినల్లి పడితే నీటిధారతో గట్టిగా కడగాలి, పొద్దెక్కాక.

మల్లెను పడుకోనివ్వాలి

చివరికి మల్లె. దీని నిద్రను మన రైతులు చెడగొట్టరు, కావాలనే నిద్రపుచ్చుతారు. నవంబరులో నీళ్లు తగ్గిస్తారు, ఆకు దూస్తారు, నెలాఖరుకు నేల నుంచి మూరెడు ఎత్తున కొమ్మలు కత్తిరిస్తారు. బయటివాళ్లకు క్రూరంగా కనిపిస్తుంది. మల్లెపూలు కొత్త కొమ్మల మీదే వస్తాయి. ముదురు ఆకులుంటే మొక్క వాటిని సాకుతూ కూర్చుంటుంది. కొస మొగ్గ ఉన్నంతకాలం అది పంపే ఆక్సిన్ అనే హార్మోను కింది మొగ్గలను లేవనివ్వదు. కొస తెగితే ఆ పట్టు విడుతుంది. పది కళ్లు ఒకేసారి తెరుచుకోవడానికి సిద్ధమవుతాయి. నీళ్లు లేకపోవడం, చలి వాటిని కొంతకాలం ఆపి ఉంచుతాయి. ఆ ఆగిన కాలంలో వేళ్లలో, కాండంలో పిండిపదార్థం నిలవ ఉంటుంది. మాఘంలో వేడి తగిలి, నీళ్లు అందగానే అదంతా ఒక్కసారి చిగురుగా, తర్వాత మొగ్గగా మారుతుంది.

బకెట్లో మల్లెకూ ఇదే పద్ధతి, కాస్త మెత్తగా. కుండీ మట్టి నేలకంటే త్వరగా ఎండుతుంది కాబట్టి నీళ్లు పూర్తిగా మాన్పకుండా, పది రోజులకోసారి గిన్నెడు పోయాలి. ఎండిన, సన్నని కొమ్మలు మొదలంటా తీసి, మిగతావి మూరెడు ఉంచాలి. ఎరువు వద్దు. పచ్చగా లేదని జనవరిలో పేడ ఎరువు వేసి తడిపితే నిద్ర మధ్యలో లేచి నాలుగు పాలిపోయిన చిగుళ్లు వేస్తుంది, వేసవి పూత పలుచబడుతుంది.

ఎప్పుడు లేపాలన్న దగ్గర ఒక చిక్కుంది. డిసెంబరు 22 నుంచే పగలు పెరగడం మొదలవుతుంది, కాని రాత్రులు అప్పుడే వెచ్చబడవు. నేల, సముద్రం దాచుకున్న వేడి ఇంకొన్ని వారాలు కరుగుతూనే ఉంటుంది. కనుకనే అతి చల్లని రాత్రులు జనవరిలో వస్తాయి. వెలుగును నమ్మే చిక్కుడుకు ఈ వెనకబాటుతో పనిలేదు. వేడిని నమ్మే మల్లె, కరివేపాకు ఇంకా ఆగుతాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గదా. సూరత్‌లో చాలా ఏళ్లు దానికి ముందే, ఫిబ్రవరి రెండోవారానికి, మధ్యాహ్నం కుండీ మట్టి మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. అప్పుడు పైమట్టి రెండంగుళాలు గుల్ల చేసి, పిడికెడు మగ్గిన పశువుల ఎరువు కలిపి, అడుగు చిల్లులోంచి కారేదాకా ఒకసారి నిండుగా నీళ్లు పోయాలి. కరివేపాకుకు కూడా ఆ రోజే ఎండు కొసలు తుంచి, పుల్లటి మజ్జిగ నీళ్లలో కలిపి పోయవచ్చు. వారం తిరిగేలోగా కణుపుల దగ్గర గోధుమరంగు కన్ను ఉబ్బి పచ్చబడితే మొక్క లేచినట్టే. ఉబ్బకపోతే బెరడును గోటితో గీరి చూడండి. కింద పచ్చదనం ఉంటే ఇంకో పది రోజులు ఆగాలి.